ఆకాశమార్గాన అరవై కిలోమీటర్లు

తెలంగాణ పటం పరచండి. స్కేలు ఒక కొస గద్వాల మీద, రెండో కొస నాగర్‌కర్నూల్ మీద ఆనించండి. మధ్యలో స్కేలు అంచును తాకుతూ వనపర్తి కనిపిస్తుంది. బ్రహ్మదేవుడు మా మీద ఎంత శ్రద్ధ పెట్టాడో చూడండి. మూడు ఊళ్లనూ దాదాపు ఒకే గీత మీద, ముప్పై ముప్పై కిలోమీటర్ల ఎడంగా నాటాడు. ఈ కొస నుంచి ఆ కొసకు ఆకాశమార్గాన అరవై పైచిలుకు కిలోమీటర్లు, అంతే. చిన్న గాలిమోటరుకైనా ఇరవై నిమిషాల పని. 2016 దసరా నాడు ఒకే పూట ఈ మూడింటినీ జిల్లా కేంద్రాలు చేశారు. గద్వాల పేరు మొదటి జాబితాలో లేదు. జనం రోడ్డెక్కి కొట్లాడితే చివర్లో చేరింది. పోనీలెండి, గీత మాత్రం తప్పలేదు.

ఈ గీత వెంట ప్రయాణం చేసే భాగ్యం రెండు జాతులకే దక్కింది: కొంగలకూ, మంత్రులకూ. కొంగలు చెరువులు నిండాక వస్తాయి, మంత్రులు ఎన్నికలు దగ్గరపడ్డాక వస్తారు. దిగేముందు ఇద్దరూ గాల్లో ఓ చుట్టు తిరుగుతారు. దొరికింది ముక్కున కరుచుకుని ఇద్దరూ వెళ్లిపోతారు. తేడా ఒక్కటే. కొంగ కోసం ఎవరూ చేను చదును చేసి, సున్నంతో గుండ్రంగా గీసి, చుట్టూ పోలీసులను నిలబెట్టరు.

రెక్కలు లేని మిగతా ప్రాణులకు మధ్యలో కృష్ణమ్మ అడ్డం. గద్వాల నుంచి వనపర్తి రావాలంటే జూరాల ఆనకట్ట మీదుగా రావాలి, లేదా బీచుపల్లి వంతెన మీదుగా రావాలి. బీచుపల్లి దాటి దిగువకు పోతే శ్రీశైలం దాకా ఈ ఒడ్డునూ ఆ ఒడ్డునూ కలిపే రోడ్డు వంతెన లేదు. ఉన్నవల్లా పుట్టీలు, మరబోట్లు, హామీలు. వీటిలో ఎప్పుడూ మునగనిది మూడోది.

రైలు సంగతి అడుగుతారేమో. వనపర్తికి స్టేషను ఉంది. పేరు వనపర్తి రోడ్డు, ఉన్నది మదనాపురంలో. దిగినవాడు రోడ్డు పట్టుకుని మళ్లీ ప్రయాణం మొదలుపెట్టాల్సిందే. నాగర్‌కర్నూల్‌కు ఆ బాధ కూడా లేదు, స్టేషనే లేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా మాచర్లకు లైను వేస్తారని నిజాం కాలం నుంచీ చెప్పుకుంటున్నారు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, విడిపోయింది, తెలంగాణ వచ్చింది. లైను మాత్రం ఎక్కడికీ పోలేదు, ఫైల్లోనే భద్రంగా ఉంది. ఇప్పుడు డోర్నకల్ నుంచి గద్వాలకు దాదాపు మూడు వందల కిలోమీటర్ల కొత్త లైనుకు సర్వే అంటున్నారు. మిగతా దేశంలో రైళ్లు పట్టాల మీద నడుస్తాయి. మా దగ్గర సర్వేల మీద నడుస్తాయి. ఒక్క ప్రమాదం కూడా జరగలేదు, ఒక్క బండీ ఆలస్యం కాలేదు. రైల్వే చరిత్రలో ఇంత నిర్మలమైన రికార్డు మరో మార్గానికి లేదు.

కొలత పరికరాలు భుజాన వేసుకుని ఎవరైనా కొత్తగా నది ఒడ్డుకు వస్తే అక్కడి ముసలవ్వ ఇలా అడుగుతుందని నేను ఊహించగలను.

"ఏం కొలుస్తున్రు సారూ?"

"నది వెడల్పు కొలుస్తున్నం అవ్వా."

"పోయినసారి గూడ కొల్చిండ్రు గద. పెరిగిందా, తరిగిందా?"

దానికి సారు దగ్గర జవాబు ఉండదు. నివేదిక మాత్రం ఉంటుంది.

నేల మీద పని కాకపోతే ఆకాశం ఉందిగా అంటారు. నిజమే. తెలంగాణలో కొత్త విమానాశ్రయాల కోసం ఆరు చోట్లు గుర్తించినప్పుడు మా వైపు నుంచి అడ్డాకల్ దగ్గరి గుడిబండ కూడా జాబితాలోకి ఎక్కింది. ఎక్కింది జాబితాలోకే. ఆరింటిలో మామునూరుకు 2025లో అనుమతి వచ్చింది. వరంగల్ వాళ్లకు మా అభినందనలు. గుడిబండ వైపు ఇప్పటికీ నేల మీది నుంచి పైకి లేచింది భూముల ధర మాట ఒక్కటే.

హవాయి చెప్పులు వేసుకునేవాడు విమానం ఎక్కాలని ప్రధానమంత్రి ఆశపడ్డారు. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో తొలి విమానానికి జెండా ఊపారు. అదే రోజు కడప నుంచి హైదరాబాద్‌కు, నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు కూడా విమానాలు మొదలయ్యాయి. కడప నుంచి వచ్చే విమానంలో కిటికీ పక్కన కూర్చున్నవాడికి మా పాలమూరు చెప్పుల దాకా కనిపిస్తుందో లేదో గానీ, పథకం మాత్రం మా దగ్గర సగం అక్షరాలా అమలైంది. చెప్పులు ఉన్నాయి. 2021 మార్చిలో కర్నూలు అవతల ఓర్వకల్లులో విమానాశ్రయం తెరిచారు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ మనిషి తుంగభద్ర దాటితే అటు పోవచ్చు. కృష్ణకు ఇవతలున్న కొల్లాపూర్ మనిషి ఏం చేయాలి? ముందు పెబ్బేరు పోవాలి, జాతీయ రహదారి ఎక్కాలి, బీచుపల్లి దగ్గర కృష్ణను దాటాలి, కర్నూలు దగ్గర తుంగభద్రను దాటాలి. అప్పుడు విమానం ఎక్కాలి. ఎక్కాక పైలట్ గారు కిందికి చూపించి "ఇదిగో కృష్ణ" అంటే, "తెలుసు సారూ, దానికోసమే ఇంత దూరం వచ్చిన" అని చెప్పుకోవాలి.

ఇంత వాపోతున్నవాడు ప్రపంచాన్ని చూసి నేర్చుకోవాలి కదా. చూశాను. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఓర్క్‌నీ దీవులున్నాయి. చలి, గాలి, సముద్రం, గొర్రెలు, కొంతమంది మనుషులు. వాటిలో వెస్ట్రే అనే దీవికీ పాపా వెస్ట్రే అనే దీవికీ మధ్య 1967 నుంచి విమానం తిరుగుతోంది. గాల్లో దూరం 2.7 కిలోమీటర్లు. టైంటేబుల్ ప్రకారం రెండు నిమిషాలు. గాలి అనుకూలిస్తే నిమిషం లోపే దించేసిన రోజులూ ఉన్నాయి. ప్రపంచంలో అతి చిన్న విమాన ప్రయాణం అదే. మన శంషాబాద్ రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంటే శంషాబాద్‌లో విమానం పైకి లేవడానికి వేసిన దారి కన్నా అక్కడ ఊరి నుంచి ఊరికి పోయే దారి పొట్టిది. పాపా వెస్ట్రేలో ఉండేది వంద మందికి లోపే. ఆ వంద మంది కోసం టీచరు రావాలన్నా, డాక్టరు రావాలన్నా, రోగి పోవాలన్నా ఎనిమిదిమంది పట్టే బుల్లి విమానం వచ్చి వాలుతుంది. వంద మంది ఓట్లకు ఎవరైనా విమానం నడుపుతారా? ఆ దేశంలో రాజకీయం తెలిసినవాడు ఒక్కడూ లేడనుకుంటాను.

ఇప్పుడు సోమశిలకు రండి. కొల్లాపూర్ పక్కన, కృష్ణ ఒడ్డున. ఎదురుగా సిద్ధేశ్వరం, సంగమేశ్వరం. ఒకప్పటి ఒక్క రాష్ట్రం, ఇప్పుడు రెండు రాష్ట్రాలు. మధ్యలో నీళ్లు. అవతలి ఒడ్డు కంటికి ఆనుతుంది. ఇటు కొల్లాపూర్, అటు ఆత్మకూరు, నందికొట్కూరు. పిల్లనిచ్చినవాళ్లు అక్కడ, తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ. రోడ్డు మీద పోవాలంటే పెబ్బేరు, బీచుపల్లి, కర్నూలు చుట్టి వంద కిలోమీటర్లు ఎప్పుడో దాటిపోతుంది. అందుకని జనం పడవ ఎక్కుతారు. 2007లో మంచాలకట్ట దగ్గర అలా ఎక్కిన పడవ మునిగి 61 మంది పోయారు. ఆ అంకె మీద వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు. అక్కడి నుంచి ఇప్పటిదాకా జరిగినదాని మీద మాత్రం రాయక తప్పదు.

ఈ నీళ్లు దేవుడు ఇచ్చినవి కావు, ప్రభుత్వం నిలిపినవి. శ్రీశైలం ప్రాజెక్టు కోసం 1981 ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. ఇంజనీర్ల నైపుణ్యాన్ని ఇక్కడ మెచ్చుకోవాలి. మునిగిపోయే గుళ్లను రాయి రాయి విప్పి, నెంబర్లు వేసి, ఎత్తు మీదికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. సోమశిల గుళ్లు అలా ఒడ్డెక్కాయి. కూడలి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. ఏ రాయి ఏ వరుసలో ఉండాలో తప్పకుండా లెక్క రాసుకున్నారు. మనుషులకు నెంబర్లు వేయడం మర్చిపోయారు, అందుకే వాళ్లు ఎక్కడెక్కడో పడ్డారు. ముంపు జనం ఉద్యోగాల కోసం తెచ్చిన 98వ నెంబరు జీవో పట్టుకుని తిరుగుతూ ముసలివాళ్లయ్యారు. నెంబరు వాళ్లకూ దక్కిందన్నమాట, జీవో రూపంలో.

ముంచిన ప్రభుత్వమే దాటిస్తుందని ఎదురుచూస్తే 2022 అక్టోబరులో ఢిల్లీ నుంచి శుభవార్త వచ్చింది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ సోమశిల వంతెన మంజూరును ప్రకటించారు. అట్లాంటి ఇట్లాంటి వంతెన కాదు. కేబుల్ స్టేడ్, సస్పెన్షన్ పద్ధతులు రెండూ కలిపిన తీగల వంతెన, ఆ రకంలో ప్రపంచంలో రెండోదట, దేశంలో మొదటిదట. ఖర్చు 1,082.56 కోట్లు. గోపురాల్లాంటి స్తంభాలు, రంగురంగుల దీపాలు, జనం నడిచేందుకు పొడవైన గాజు బాట. గడువు 30 నెలలు. ప్రకటించిన నాటి నుంచి లెక్క కడితే 2025 ఏప్రిల్‌కే నిండాయి. నెలలు నిండాయి గానీ కాన్పు కాలేదు.

మేం అడిగింది ఆవలికి పోయే దారి. వాళ్లు ఇచ్చింది గాజు బాట. మేకల్ని తోలుకుని, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, నొప్పులు పడే కోడల్ని ఆటోలో కూర్చోబెట్టుకుని పోయేవాడు గాజులోంచి కిందికి నీళ్లను చూసి పులకించాలట. ఆ నీళ్లను మేం చూడనివాళ్లమా? మా ఊళ్లు వాటి అడుగునే ఉన్నాయి. అందులో మా గడపలు కూడా కనిపిస్తాయంటే చెప్పండి, టికెట్టు కొంటాం.

ఆ వంతెన ఎందుకని అడిగితే జాతీయ రహదారి 167కే పూర్తయితే హైదరాబాద్ నుంచి తిరుపతికి సుమారు 80 కిలోమీటర్లు తగ్గుతుందంటారు. వెంకన్న భక్తులకు మేలు జరగాల్సిందే. కానీ లెక్కలో ఎక్కడైనా సోమశిలవాడు సంగమేశ్వరం పోతే ఎంత తగ్గుతుందో రాశారా? రాయరు. ఆ ఇద్దరి మధ్య దూరం పటంలో వేలు పెడితే కప్పేసేంత. అంత చిన్న దూరాన్ని తగ్గించి ఏ మంత్రి ఏం మిగుల్చుకుంటాడు?

వంతెన రాలేదని నదిని ఖాళీగా వదల్లేదండోయ్. 2024 నవంబరులో కొద్ది రోజుల తేడాలో రెండు వేడుకలు జరిగాయి. ఇటు తెలంగాణ పర్యాటక శాఖ సోమశిల నుంచి శ్రీశైలానికి విహార లాంచీ నడిపింది. అటు నవంబరు 9న ఆంధ్ర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర సీప్లేన్ ఎక్కి శ్రీశైలం జలాశయంలో దిగారు. ఆ విమానం ట్విన్ ఒట్టర్ జాతిది, కెనడాలో పుట్టింది. మంచు తప్ప రోడ్డు ఎరగని ఉత్తరాది కుగ్రామాలకు మనుషుల్ని, మందుల్ని, ఉత్తరాల్ని మోయడంలో పేరు పడ్డ బండి. పాపం, అక్కడ దానికి రోగుల్ని మోసే పని. ఇక్కడికి వచ్చాక హోదా పెరిగింది, పర్యాటకుల్ని మోసే పని దొరికింది. మంచాలకట్ట నీళ్లూ ఆ విమానం వాలిన నీళ్లూ ఒక్క జలాశయానివే. ఒక కొసన నీళ్ల మీద గాలిమోటరు వాలుతుంది, ఇంకో కొసన నీళ్ల మీద పుట్టి ఊగుతుంది. చూడ్డానికి వచ్చినవాడికి లాంచీ, దిగడానికి వచ్చినవాడికి విమానం, బతకడానికి ఉన్నవాడికి లైఫ్ జాకెట్ వేసుకోమని సలహా.

మందులకైతే రెక్కలు ఎప్పుడో వచ్చాయి. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లు టీకాల పెట్టెలు మోసుకుని పైకి లేచాయి. గొప్ప ప్రయోగమే, కాదనను. మందు రోగి దగ్గరికి ఎగురుతుంది. రోగి ఆస్పత్రికి పోవాలంటే? అమ్రాబాద్ అడవిలో చెంచు పెంటల మనిషికి వానాకాలంలో జ్వరం వస్తే దారి ఎట్లా ఉంటుందో డ్రోన్ కెమెరాలో చక్కగా కనిపిస్తుంది. గద్వాల పక్కన కృష్ణ నడుమ గుర్రంగడ్డ అనే దీవి ఉంది. అక్కడివాళ్లు వంతెన మాట ఏళ్లుగా వింటున్నారు. ఏరు పొంగితే పిల్లల బడి, పెద్దల సంత, గర్భిణి ఆస్పత్రి అన్నీ అవతలి ఒడ్డున ఉండిపోతాయి. ఓర్క్‌నీలో దీవి అంటే విమానం వచ్చే చోటు. ఇక్కడ దీవి అంటే ఎన్నికల సిబ్బంది ఓటు యంత్రాలతో పడవ ఎక్కే చోటు. ఓటుకు అడ్డం రాని నది అంబులెన్సుకు ఎందుకు అడ్డం వస్తుందో జలవనరుల నిపుణులు తేల్చాలి.

మాకు గగనతలం నుంచి చూపు దక్కే రోజు కూడా ఒకటుంది. వరద వచ్చిన రోజు. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర కలిసికట్టుగా పొంగి అలంపురం, కర్నూలు మునిగినప్పుడు హెలికాప్టర్ల చప్పుడు విన్నాం. ఏరియల్ సర్వే అంటారు దాన్ని. పై నుంచి చూస్తే వరదలో ఒక అందమైన సౌలభ్యం ఉంది: ఊళ్లూ, వాగులూ, గోతులూ, హామీలూ అన్నీ ఒకే నీటి కింద సమంగా కనిపిస్తాయి. అంత ఎత్తు నుంచి చూసినవాడికి దూరం అనేది తెలియదు. సోమశిల, సంగమేశ్వరం ఒకే కిటికీలో పడతాయి. రెండూ ఇంత దగ్గర ఉన్నప్పుడు వంతెన దేనికని అనిపించడం సహజం.

అందుకని ఓ చిన్న ప్రతిపాదన చేస్తున్నాను. వంతెన కట్టడం ప్రభుత్వాలకు కష్టం గానీ, ఎత్తిపోయడంలో వాళ్లకు సాటి లేదు. 2023 సెప్టెంబరు 16న ఇదే కొల్లాపూర్ పక్క నార్లాపూర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మీట నొక్కితే 145 మెగావాట్ల మోటారు కృష్ణ నీళ్లను గుట్టల మీదికి ఎగదోసింది. అంతకు ముందు నుంచీ పక్కనే ఎల్లూరులో కల్వకుర్తి ఎత్తిపోతల మోటార్లు ఉన్నాయి. నీరు పల్లమెరుగును అన్నది పాత లెక్క. ఇప్పుడది గుట్టలు ఎక్కుతుంది. కాబట్టి మనుషుల ఎత్తిపోతల పథకం ఒకటి పెట్టండి. సోమశిల ఒడ్డున ఓ పంపుహౌసు, సంగమేశ్వరం ఒడ్డున ఓ తొట్టి. మనిషిని ఇటు పెడితే అటు పడాలి. అంచనాలు ఎప్పటికప్పుడు పెంచుకోవచ్చు, ప్యాకేజీలుగా విడగొట్టుకోవచ్చు, రెండు రాష్ట్రాలూ తలో ట్రిబ్యునల్‌కు పోయి ఎవరి మనుషుల వాటా ఎంతో తేల్చుకోవచ్చు. ఇన్ని సౌకర్యాలు వంతెనలో ఎక్కడివి?

వంతెనకున్న అసలు లోపం అదే. ఒక్కసారి కడితే అయిపోతుంది. మళ్లీ ఎన్నికల్లో దాన్ని కడతానని చెప్పడానికి వీలుండదు. కట్టని వంతెన అలా కాదు, ఏటేటా కాపు కాసే కొల్లాపూర్ మామిడి తోట. 2007లో దుర్ఘటన జరిగినప్పుడు అధికారంలో ఉన్నవాళ్లు దాని మీద ఓ కోత కోసుకున్నారు. తర్వాత వచ్చినవాళ్లు పదేళ్లు కోసుకున్నారు. ఢిల్లీవాళ్లు గాజు బాటతో కోసుకున్నారు. ఇప్పుడు ముఖ్యమంత్రిది ఇదే నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి, పర్యాటక మంత్రిది ఇదే కొల్లాపూర్ నియోజకవర్గం. ఇంతకన్నా దగ్గరి చుట్టరికం ఏ నదికీ దొరకదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని పెద్దలన్నారు. పాపం పెద్దలకు హెలికాప్టర్లు తెలియవు. ఏరు దాటే అవసరమే లేనివాడికి ఏ మల్లన్నా అక్కర్లేదు.

మరో ముచ్చట. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా, ఎక్కడ పెద్ద రోడ్డు పడ్డా పాలమూరు కూలి చేయి లేకుండా పడలేదని మావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. బొంబాయి బస్సెక్కి పోయి పరాయి ఊళ్ల వంతెనలకు ఇసుకా సిమెంటూ మోసినవాడు పండక్కి ఇంటికొచ్చి అత్తగారి ఊరికి పోవాలంటే పుట్టివాడిని పిలవాలి. వంతెన ఎలా కట్టాలో తెలిసిన జనం, కట్టే నైపుణ్యం ఉన్న ఇంజనీర్లు, నీళ్లను ఆకాశానికి ఎత్తే మోటార్లు, ఖర్చు చేయడానికి కోట్లు, అన్నీ ఈ ఒడ్డునే ఉన్నాయి. లేనిదల్లా తొందర. దూరంలో బతికేవాడికే తొందర ఉంటుంది, దూరం మీద బతికేవాడికి ఉండదు.

అయ్యా, మేం ఎక్కువేం అడగం. ప్రపంచంలో రెండోదీ వద్దు, దేశంలో మొదటిదీ వద్దు. బర్రెలు తోలుకుపోయే బండ రాతి వంతెన చాలు. అది కుదరకపోతే ఒక చిన్న చట్టం చేయండి. ఈ నది మీద వంతెన గురించి ఎవరు ప్రకటన చేసినా, ఆ ప్రకటన అవతలి ఒడ్డున చేయాలి. అక్కడికి పుట్టిలోనే పోవాలి. ఆగస్టులో పోవాలి, శ్రీశైలం జలాశయం 885 అడుగుల నిండు మట్టంలో ఉన్నప్పుడు. వెంట అధికారులు, కాంట్రాక్టరు, కెమెరాలు ఒకే పుట్టిలో పట్టినన్ని. ఆ దెబ్బకు టెండర్లు ఎన్ని రోజుల్లో ఖరారవుతాయో మా పుట్టివాడు వేళ్ల మీద లెక్కేసి చెప్పగలడు. తెడ్డు పట్టుకునేది అతనే కదా.